రాయికి మానిన దెబ్బ

"మధ్యాన్నం లోపల ఆ అప్పడాల కర్ర ఈ ఇంట్లో ఉండకూడదు. దాంతో పాటు ముందు గదిలో అద్దం, కుర్చీ, గోడ మీద బోర్డు, అన్నీ పోవాల."

చెంచమ్మ ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. మొదటిసారి అన్నప్పుడు చేతిలో కాఫీ గ్లాసు ఉండింది, రెండోసారికి చీపురు, మూడోసారికి చాట. ఇప్పుడు ఉత్త చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడింది. ఆమె ఉత్త చేతులతో నిలబడిందంటే సంగతి తేలేదాకా కదలదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

హాలు మధ్యలో స్టీలు పళ్లెం పెట్టి ఉంది. పళ్లెంలో చెంచమ్మ అప్పడాల కర్ర అంటున్న గులాబి రంగు రాతి రోలరు. కడ్డీకి ఒక కొసన పెద్ద రాయి, ఇంకో కొసన చిన్న రాయి. పెద్దది చెంపల మీద దొర్లించడానికి, చిన్నది కళ్ల కింద. జానెడు పొడుగు లేని ఆ వస్తువు చుట్టూ నలుగురు మనుషులు పంచాయితీ పెట్టుకుని ఉన్నారు.

ఆదివారం మధ్యాన్నం కోడలు యామిని ఆ రోలరుతోనే చాంద్‌బీ కూతురు సైమాకు ఫేషియల్ చేసింది. సోమవారం తెల్లారేసరికి ఆ పిల్ల కుడి కంటి కింద నాలుగు ఎర్ర గీతలు లేచినాయి. మంగళవారానికి చెంప వాచిపోయింది. ఇయ్యాల బుధవారం. శుక్రవారం సైమాకు నిఖా.

"డాక్టరు ఏమన్నాడంట?" అని అడిగినాడు శ్రీకాంత్. యామిని మొగుడు. బోరు మోటార్లు బాగుచేసేవాడు, ఇయ్యాల పనికి పోకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"చర్మం సన్నగా గీరుకుపోయిందంట. గీరుకున్న చోట మురికి దిగిందంట. ముఖానికి ఏమేం తగిలించినారో కనుక్కోమన్నాడంట," అనింది యామిని. "చాంద్‌బీ చిన్నమ్మ మధ్యాన్నం జొహర్ నమాజు అయినంక వస్తానని ఫోన్ చేసింది."

"వచ్చి ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుందో చెప్పలేదు. అరిచి ఉంటే బాగుండేది. అరవను కూడా లేదు."

బ్యూటీ పార్లరు పెట్టుకోవడానికి ఆ ముందు గది కోసం యామిని నాలుగేళ్లు అడిగింది. గిద్దలూరు నుంచి కోడలిగా వచ్చిన రోజు నుంచీ అది మామ వెంకటసుబ్బయ్య పాత పలకల పెట్టెలతో నిండి ఉండేది. ఒంగోలు పోయి మూడు నెలలు పార్లరు కోర్సు నేర్చుకుని వచ్చింది, అయినా గది రాలేదు. ఆరు నెలల కింద మామ ఎవరితోనూ చెప్పకుండా పెట్టెలన్నీ మిద్దె మీదికి మోసి, గది కడిగి, తాళం చెవి కోడలి చేతిలో పెట్టినాడు. మొదటి రోజు గడప తొక్కిన మనిషి చాంద్‌బీ. ఆమె వచ్చింది కాబట్టి వీధిలో మిగతా ఆడవాళ్లు వచ్చినారు. ఇప్పుడు అదే చాంద్‌బీ వీధిలో నిలబడి ఒక్క మాట అంటే ఇంక ఆ గదిలోకి ఈగ కూడా రాదు. ఆ గది పోతే యామినికి ఈ ఇంట్లో వంటిల్లు తప్ప ఇంకేం మిగలదు.

"నువ్వు సరిగా కడగలేదు," అనింది చెంచమ్మ.

"కడిగినా అత్తా. గోరువెచ్చని నీళ్లు, చంటిపిల్లల సబ్బు. నానబెట్టను, కడ్డీకి తుప్పు పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి నీడన ఆరబెడతా. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. బాగా ఆరినంక నూలు సంచిలో వేసి, సంచి డబ్బాలో పెడతా. కత్తెర్లు, దువ్వెనలు ఉండే డబ్బా కాదు, దాని డబ్బా దానికే."

"ఏ నీళ్లతో కడుగుతావో అది కూడా చెప్పు."

"క్యాన్ నీళ్లు."

"విన్నావా నాయనా," అని చెంచమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఊరంతా తాగడానికి క్యాన్లు మోసుకుంటుంటే ఈ ఇంట్లో రాయికి స్నానం. జోలపాట ఒక్కటే తక్కువ."

"బోరు నీళ్లకు తెల్ల మరకలు కడతాయి అత్తా. మన బిందెలు చూడు, ఎట్ల ఉన్నాయో. ఆ తెలుపు రాయి మీద గట్టిపడితే గరుకవుతుంది."

"అంత చేస్తే మరి ఆ పిల్ల చెంప ఎట్ల గీరుకుపోయింది? దయ్యం వచ్చి గీరిందా?"

దానికి యామిని దగ్గర బదులు ఉంది. మూడు రోజులుగా ఉంది.

గుమ్మం పక్కన పీట మీద వెంకటసుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు పలకల ఫ్యాక్టరీలో చేసిన మనిషి. మార్కాపురంలో ఎవరికైనా రాయి గురించి సందేహం వస్తే ఈ పీట దగ్గరికే వస్తారు. ఇంత రాద్ధాంతం జరుగుతుంటే ఆయన మాత్రం తన కాలి బొటనవేలు చూసుకుంటా కూర్చున్నాడు.

యామిని పళ్లెం తీసుకుని లేచింది.

"ఎక్కడికి?" అనింది అత్త.

"ఒకసారి వెలుతుర్లో చూసి వస్తా."

ముందు గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసి ట్యూబులైటు వేసింది. ఏం చూడబోతుందో ఆమెకు బాగా తెలుసు.

మూడు వారాల కింద, కడిగేటప్పుడు తడిచేతిలోంచి రోలరు జారి సింకు బండ మీద పడింది. చిన్న రాయి అంచున పెచ్చు లేచింది. నువ్వుగింజంత, అంతే. వేలితో తడిమితే సన్నగా పట్టుకునేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే అత్త ఏమంటుందో తెలుసు, శ్రీకాంత్ ఇష్టపడి తెప్పించిన వస్తువు అని కూడా తెలుసు. పెచ్చు ఉన్న వైపు పైకి పెట్టుకుని జాగ్రత్తగా దొర్లిస్తే సరిపోతుందిలే అనుకుంది. దొర్లే రాయికి పైవైపు, కిందివైపు ఏముంటాయి, తన బుద్ధికి అంత కూడా తోచలేదు ఆ పూట.

చిన్న రాయి అంచు వెంట చూపుడువేలు తిప్పింది. ఒక చుట్టు తిరిగింది. వేలు ఎక్కడా తగులుకోలేదు.

మళ్లీ తిప్పింది. నున్నగా ఉంది.

కళ్లద్దాలు తుడుచుకుని, రాయిని ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుని చూసింది. సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. పెద్ద రాయి చూసింది, మళ్లీ చిన్న రాయి చూసింది. పెచ్చు లేదు. ఉండిందన్న ఆనవాలు కూడా లేదు.

యామిని కుర్చీలో కూలబడింది. తనకు పిచ్చి పట్టిందా? పెచ్చు లేచిందని తాను కల కన్నదా? పెచ్చు లేకపోతే సైమా చెంప గీరింది ఏంది? పెచ్చు ఉండిందంటే అది ఎక్కడికి పోయింది? తప్పు తనదేనని మూడు రోజులుగా లోపల్లోపల కుమిలిపోతున్న మనిషికి ఇప్పుడు ఆ తప్పు కూడా చేతిలోంచి జారిపోయినట్టయింది. ఊరట పడాలో భయపడాలో తెలియలేదు.

ఒంగోలులో కోర్సు చెప్పిన ప్రియదర్శిని మేడంకు ఫోన్ చేసింది.

"మేడం, రాయికి లేచిన పెచ్చు దానంతట అది పూడుతుందా?"

"రాయేమన్నా చర్మమా యామినీ, పూడటానికి?" అన్నది అవతలి గొంతు. "ఆగు, మూడు వారాల క్రితం అడిగావే, ఆ రోలరేనా? పెచ్చు లేచిన రాయి ముఖానికి తగలకూడదు, పారెయ్యమని చెప్పాను కదా."

యామిని రోలరును పళ్లెంలో పెట్టింది.

"పారేశావా?"

"సిగ్నల్ సరిగా లేదు మేడం, మళ్లీ చేస్తా," అని ఫోన్ పెట్టేసింది. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

కల కాదన్నమాట. పెచ్చు ఉండింది, మేడంతో చెప్పింది కూడా. సరే, సంచి చూద్దామని నూలు సంచి చేతికి తీసుకుంది. మూతి విప్పగానే ముక్కుకు కర్పూరం వాసన కొట్టింది. ఘాటుగా, కళ్లు మండేటట్టు. తాను వాడే ఏ క్రీముకూ ఆ వాసన లేదు. ఆ వాసన ఆ ఇంట్లో ఒక్క చోటే ఉంటుంది.

సంచి పట్టుకుని హాల్లోకి వచ్చి శ్రీకాంత్ ముక్కు దగ్గర పెట్టింది.

"ఇది చూడు."

శ్రీకాంత్ వాసన చూసి మొహం చిట్లించినాడు. "నొప్పుల తైలం. అమ్మ మోకాళ్లకు రాసుకునేది."

"నన్నెందుకు చూస్తారు?" అనింది చెంచమ్మ. "నేనేం చేసినా? దాన్ని ముట్టుకోవాల్సిన ఖర్మ నాకేంది?"

ఆమెను ఇంకా ఎవరూ చూడనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సామెత శ్రీకాంత్‌కు గుర్తొచ్చి నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు.

"అమ్మా, ఎన్నిసార్లు?"

చెంచమ్మ నడుము మీద చేతులు దిగినాయి. కాసేపు గోడ గడియారం వైపు చూసింది. "రెండు సార్లు. శనివారం ఒకసారి, దానికి ముందు వారం ఒకసారి. చల్లగా ఉంటదని. తైలం రాసుకుని దాంతో దొర్లిస్తే నొప్పి లాగేస్తాంది. ఇంతమంది ముఖాలు సుఖపడుతున్నాయి, నా మోకాలు సుఖపడకూడదా?"

"కడిగినావా?"

"కడగకుండా పెడతానా? బోరు నీళ్లతో కడిగి కొంగుతో తుడిచి మళ్లీ సంచిలోనే వేసినా. దాని సంచి దానికే అని నాకూ తెలుసు."

శ్రీకాంత్ తల పట్టుకున్నాడు. "ఇంకేముంది, తేలిపోయింది. తైలం, బోరు నీళ్లు, కొంగు. అదే మురికి."

యామినికి ఒక్క క్షణం గుండె తేలికపడింది. నిజం చెప్పొద్దూ, సంతోషం కూడా వేసింది. పొద్దుటి నుంచి గది ఖాళీ చెయ్యమని నెత్తిన కూర్చున్న మనిషే ఇప్పుడు నోరెత్తలేక నిలబడింది. ఆ సంతోషం కాసేపే. శనివారం రాసుకున్న తైలం ఆదివారం పొద్దున తాను మళ్లీ కడిగినప్పుడు చాలావరకు పోయే ఉంటుంది. సంచిలో వాసన మిగిలిందేమో కానీ తైలం చర్మాన్ని గీరదు. డాక్టరు గీతలు అన్నాడు. నాలుగు గీతలు.

"నేను తువ్వాళ్లు ఆరేసి వస్తా," అని బకెట్టు తీసుకుని పెరట్లోకి పోయింది. అక్కడ గాలన్నా ఆడుతుందని.

పెరట్లో స్నానాల గది వెనక బట్టలుతికే బండ ఉంది. తువ్వాలు విదిలించబోతే బండ మీద ఒక మూల తెల్లగా కనపడింది. బోరు నీళ్ల మరక అనుకుని వేలితో రాసింది. మరక కాదు, పొడి. మెత్తగా, పిండి మాదిరి వేలికి అంటుకుంది. బండ వెనక గోడ సందులో రాయి, చెక్క నూరే నల్లటి వాటర్ పేపరు ముక్క దోపి ఉంది. తడిపి ఆరినట్టు ముడుచుకుపోయి ఉంది, దాని మీదా అదే తెల్లటి పొడి.

ఆ ఇంట్లో వాటర్ పేపరు పట్టుకునే చెయ్యి ఒక్కటే. తలుపు అంచు చెక్కుకుపోయినా, పీట కాలు గరుకైనా, రోకలి పెచ్చు లేచినా ఎవరూ అడగకుండానే నూరి నున్నగా చేసి పెట్టే చెయ్యి.

వెనక అడుగుల చప్పుడు వినిపించి తిరిగి చూసింది. వెంకటసుబ్బయ్య నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో కాగితం ముక్క చూసినాడు. దాచే ప్రయత్నం చెయ్యలేదు.

"మీరు నూరినారా మామా?"

"ఊఁ."

"ఎందుకు?"

"పెచ్చు లేచిన రాయిని అట్లనే వదిలేస్తారా అమ్మా?" అన్నాడు, తప్పు ఆమెదే అయినట్టు. "ఫ్యాక్టరీలో నా పనే అది. పలక కోసినంక అంచు కత్తి మాదిరి ఉంటుంది. పిల్లోళ్ల వేళ్లు తెగకుండా నూరి పంపించేవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్లలో నా చెయ్యి దాటిన పలకతో ఒక్క పిల్లోడి వేలు తెగిందని కబురు రాలేదు. నా ఇంట్లోనే పెచ్చు లేచిన రాయి పెట్టుకుంటానా?"

"ఏ రోజు నూరినారు?"

ముసలాయన పక్కింటి గోడ వైపు చూసినాడు.

"మామా, ఏ రోజు?"

"రాయి బాగుందా లేదా, అది చూడు."

"రాయి బాగుంది. రోజు చెప్పండి. ఆదివారం కంటే ముందు నూరి ఉంటే సైమా చెంప గీరింది నా రాయి కాదు. ఆదివారం తర్వాత నూరి ఉంటే ముమ్మాటికీ నేనే. నాకు తెలియాల కదా."

"నాకు గుర్తులేదు," అన్నాడు వెంకటసుబ్బయ్య. పదేళ్ల కింద వచ్చిన పలకల లోడులో ఎన్ని పగిలినాయో ఇప్పటికీ చెప్పే మనిషి ఆయన. "నీకు తెలియాల్సిన పని లేదు. ఎవరన్నా అడిగితే నేను చెప్తా. నువ్వు నోరు తెరవొద్దు."

ఇది ఓదార్పో బెదిరింపో యామినికి అర్థం కాలేదు. అడగబోయేలోగా వీధి తలుపు చప్పుడైంది.

చాంద్‌బీ నల్ల బుర్ఖా ముసుగు వెనక్కు వేసుకుని హాల్లో కూర్చుని ఉంది. చెంచమ్మ ఇచ్చిన నీళ్లు తాగలేదు, గ్లాసు పక్కన పెట్టింది. కళ్ల కింద నల్లగా ఉంది, మూడు రోజులుగా నిద్ర లేదని చెప్పకనే తెలుస్తోంది. సెల్‌ఫోన్‌లో కూతురి ఫోటో తీసి చూపించింది. వాచిన చెంప మీద నాలుగు గీతలు ఒకదాని పక్కన ఒకటి.

"పిల్ల అద్దం చూడటం లేదు," అనింది. "పెళ్లికొడుకు వాళ్లు రేపు ముఖం చూడటానికి వస్తారు. ఏం చెప్పాలో తెలియక మా ఆయన మంచం దిగలేదు. ఆ వస్తువు ఏది?"

యామిని పళ్లెం ముందు పెట్టింది.

చాంద్‌బీ రోలరు తీసుకుని ముందు మణికట్టు మీద దొర్లించింది. తర్వాత తన చెంప మీద. చిన్న రాయిని కంటి కింద పెట్టి గట్టిగా అదిమి రెండుసార్లు లాగింది. చర్మం మీద చెయ్యి పెట్టి చూసుకుంది. ఏమీ కాలేదు.

"అన్నా," అని వెంకటసుబ్బయ్య వైపు తిరిగింది. ఆమె మొగుడు హిదాయతుల్లా, ఈయనా ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కన కూర్చుని పని చేసినవాళ్లు. "నువ్వు చెప్పు. మా ఆయన కూడా నిన్నే అడిగి రమ్మన్నాడు. రాయి సంగతి నీకంటే తెలిసినోళ్లు ఈ ఊళ్లో లేరు. దీంట్లో దోషం ఉండిందా?"

వెంకటసుబ్బయ్య రాయిని చేతిలోకి తీసుకుని బొటనవేలు అంచు వెంట నడిపించినాడు.

"లేదమ్మా. ఈ రాయికి ఎప్పుడూ దోషం లేదు."

చాంద్‌బీ గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగినాయి. పక్కన పెట్టిన గ్లాసు తీసుకుని నీళ్లన్నీ ఒకేసారి తాగింది.

"అల్లా దయ. నా మనసులో పెద్ద బరువు దిగింది. యామినిని అనుమానించి అందరి ముందర అడగాల్సి వచ్చెనే అని దారి పొడుగునా బాధ పడతా వచ్చినా. మరి మల్లే చేసింది ఇదంతా."

"మల్లి ఎవరు?" అన్నాడు శ్రీకాంత్.

"మా ఇంట్లో గిన్నెలు తోమే మల్లి. పదకొండేళ్ల నుంచి ఉంది. శనివారం సైమాకు నలుగు పెట్టడానికి పసుపు, గంధం అదే నూరింది. సరిగా జల్లించకుండా పెట్టిందేమో, అందులో రవ్వలు ఉన్నాయేమో అని పొద్దున అడిగినా. జల్లించినానక్కా అంటాది. నాకు కోపం ఆగలేదు. చుట్టాలందరి ముందర, నిఖా ఇంట్లో నీ చెయ్యి వద్దు, ఇంక రావద్దు పొమ్మన్నా. ఒక్క మాట కూడా అనకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది. అప్పటి నుంచి మనసు పీకుతా ఉండింది. తొందరపడినానేమో అని. ఇప్పుడు రూఢి అయింది."

చెంచమ్మ తల ఊపింది. "పనోళ్లను కనిపెట్టుకుని ఉండాల చాంద్‌బీ," అనింది. మోకాలి తైలం తాను రాసుకోనట్టే.

"యామినీ, శుక్రవారం పొద్దున నువ్వే రావాల," అనింది చాంద్‌బీ, ఆమె చెయ్యి పట్టుకుని. "ఆ మచ్చ కనపడకుండా ఏం చేస్తావో చెయ్యి. మా చుట్టాల్లో ఇంకో రెండు పెళ్లిళ్లు ఉన్నాయి. అందరికీ నిన్నే చెప్తా."

గది నిలబడింది. నిలబడటమే కాదు, ఇంకా పెద్దదయ్యేటట్టుంది. వెంకటసుబ్బయ్య రోలరును మెల్లగా పళ్లెంలో పెట్టినాడు. పొద్దుటి నుంచి గది ఖాళీ చెయ్యమన్న చెంచమ్మే ఇప్పుడు కోడలి వెనకకు వచ్చి నిలబడి, నోరు మూసుకో అన్నట్టు జబ్బ మీద గట్టిగా గిల్లింది.

ఆ గిల్లుడుతోనే యామినికి నోరు వచ్చిందేమో.

"చిన్నమ్మా, మల్లి కాదు."

"ఏంది?"

"రాయికి పెచ్చు ఉండింది. మూడు వారాల కింద నా చేతిలోంచే జారి పడింది. పారెయ్యమని మా మేడం చెప్పింది. పారెయ్యలేదు. తెలిసి తెలిసి దాంతోనే సైమాకు చేసినా."

చాంద్‌బీ ఆమె చెయ్యి వదల్లేదు, కానీ పట్టు సడలింది. పళ్లెంలో నున్నటి రాయిని చూసింది, యామినిని చూసింది.

"పెచ్చు ఏది మరి?"

"పిల్ల బెదిరిపోయింది చాంద్‌బీ," అన్నాడు వెంకటసుబ్బయ్య. గొంతు నిలకడగానే ఉంది. "పొద్దుటి నుంచి మా ఆడది సతాయించి సతాయించి దాని మతి పోగొట్టింది. అది చెయ్యని తప్పు కూడా నెత్తిన వేసుకుంటాంది. పెచ్చు లేదు."

"నేనా సతాయించింది?" అనింది చెంచమ్మ.

ఎవరూ ఆమె వైపు చూడలేదు.

చాంద్‌బీ తికమక పడిపోయింది. "అన్నా, నువ్వు లేదంటావు. ఇది ఉందంటాది. ఎవరన్నా తప్పు చేసి లేదంటారు గానీ, చెయ్యని తప్పు చేసినా అంటారా? మళ్లీ రాయి చూస్తే నున్నగా ఉంది. రాయి మీద నీ మాట తప్పిందని నేను ఎప్పుడూ వినలేదు. నేను ఎవరిని నమ్మాల?"

యామిని మామ ఎదురుగా పోయి నేల మీద కూర్చుంది. గది తాళం చెవి చేతిలో పెట్టిన మనిషి. ఇప్పుడు కూడా ఆ గది కోసమే ఇన్నేళ్ల మాటను పణంగా పెట్టి కూర్చున్న మనిషి. ఆయన మీద కోపం రావడం లేదు, అదే ఆమెకు కష్టంగా ఉంది.

"మామా, ఏ రోజు నూరినారు?"

వెంకటసుబ్బయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పదకొండేళ్లు చేసిన మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయిందంట మామా. ఏ రోజు నూరినారు?"

వెంకటసుబ్బయ్య రెండు అరచేతులూ మోకాళ్ల మీద బోర్లించి వాటినే చూస్తా కూర్చున్నాడు. శ్రీకాంత్ ఏదో అనబోయి తండ్రి మొహం చూసి ఆగిపోయినాడు.

"సోమవారం," అన్నాడు ముసలాయన. "సైమా చెంప సంగతి తెలిసినంక."

ఆ తర్వాత, "పెచ్చు ఉండింది చాంద్‌బీ. నేను నూరేసినా," అన్నాడు.

చాంద్‌బీ కోప్పడుతుందని యామిని ఎదురుచూసింది. కోప్పడలేదు. చాలాసేపు వెంకటసుబ్బయ్యనే చూసింది.

"నువ్వు కూడానా అన్నా," అనింది.

ఆయన తల ఎత్తలేదు. ఆ మనిషి తల దించుకోవడం శ్రీకాంత్ పుట్టి బుద్ధెరిగినంక ఇదే మొదటిసారి చూడటం.

చాంద్‌బీ సెల్‌ఫోన్ తీసి ఏదో నంబరు నొక్కి యామిని ముందుకు చాపింది.

"ఏంది చిన్నమ్మా?"

"మల్లి నంబరు. నాకు చెప్పినావు, బాగానే ఉంది. నీకు తెలిసినదాన్ని, నేనేం చేస్తానో నీకొక అంచనా ఉంది. అది ఎవరో నీకు తెలియదు. దానికి చెప్పు. నీ గది ఉండాలో పోవాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం."

"నేనా?"

"నువ్వే. నేనేం చెప్పాల్నో నాకు ఇంకా తెలియడం లేదు."

యామిని ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతల మోగుతోంది. రెండు, మూడు, నాలుగు. ఎత్తకపోతే బాగుండు అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది. ఎక్కడ మొదలుపెట్టాలో, పెచ్చు దగ్గరా, మామ దగ్గరా, అత్త మోకాలి దగ్గరా, ఏదీ తోచలేదు. అయిదోసారికి ఫోన్ ఎత్తినారు.

"చాంద్‌బీ అక్కా," అనింది ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. యామిని నోరు తెరిచేలోగా ఆ గొంతు ఆగకుండా చెప్పుకుపోయింది. "పొద్దుటి నుంచి ఆలోచిస్తానే ఉన్నానక్కా. రెండోసారి జల్లించినానో లేదో నాకు గుర్తు రావడం లేదు. జల్లించినా అనుకున్నా. లేదేమో. నేనే చేసి ఉంటా. బంగారం లాంటి పిల్ల మొహం పాడు చేసినా. నన్ను క్షమించక్కా."

హాల్లో నలుగురూ ఆమె మొహమే చూస్తున్నారు.

"అక్కా, ఉన్నావా?" అనింది మల్లి.

"నేను చాంద్‌బీ అక్కను కాదు మల్లీ," అనింది యామిని.